డిపార్ట్‌మెంట్‌లో క్లస్టర్ ఉండగా కొత్త లాప్‌టాప్ కొనాలా?

మీరు అడిగింది ఇదీ: మెకానికల్ ఇంజినీరింగ్‌లో రీసెర్చ్‌కి కొత్తగా చేరారు. లాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. మోడల్ కాస్త పెద్దదైతే చాలు, సిమ్యులేషన్ మధ్యలో ఆగిపోతోంది. డిపార్ట్‌మెంట్‌లో క్లస్టర్ (చాలా సర్వర్లని కలిపి కట్టిన ఉమ్మడి వ్యవస్థ) ఉందని, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఉన్నాయని అందరూ అంటున్నారు గానీ ఎవరిని ఏమని అడగాలో తెలియడం లేదు, అడిగితే ఫారం నింపమంటున్నారు. ఈ తలనొప్పంతా ఎందుకు, మంచి లాప్‌టాప్ కొనేసుకుంటే పోలేదా అని.

కొనకండి. కనీసం ఇప్పుడే వద్దు.

యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లలో సర్వర్లు, లైసెన్సులు చూసుకునే పనిలో చాలాకాలంగా ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లు వచ్చి అడిగే మాట దాదాపు ఒకటే: "సార్, నాకు క్లస్టర్ యాక్సెస్ కావాలి." ఎందుకమ్మా అంటే "నా సిస్టమ్ స్లోగా ఉంది" అంటారు. స్లోగా ఉండటానికి మెమరీ చాలకపోవడం ఒక కారణం. ప్రాసెసర్ చాలకపోవడం, లైసెన్స్ దొరక్కపోవడం, డిస్క్ నెమ్మదిగా ఉండటం కూడా కారణాలే. ఒక్కోదానికి మందు వేరు, వెళ్లి కలవాల్సిన మనిషి వేరు. ఏది తక్కువైందో తెలుసుకోకుండా క్లస్టర్‌కి వెళ్తే, లాప్‌టాప్‌లో ఆగిన జాబే (కంప్యూటర్‌కి నడపమని ఇచ్చిన పని) అక్కడ కూడా ఆగుతుంది. పైగా క్యూలో రెండు రోజులు కూర్చున్నాక ఆగుతుంది.

అందుకని ముందు కొలవండి. జాబ్ నడుస్తుండగా విండోస్‌లో టాస్క్ మేనేజర్, లినక్స్‌లో టాప్ (top) కమాండ్ తెరిచి పది నిమిషాలు చూడండి చాలు. ర్యామ్ మొత్తం నిండిపోయి, డిస్క్ ఏకధాటిగా తిరుగుతూ, ప్రాసెసర్ మాత్రం పది శాతం దగ్గర బద్ధకంగా ఉంటే మీకు తక్కువైంది మెమరీ. ఇంకో పదహారు కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఇచ్చినా పావు వంతు మేలు కూడా జరగదు. కోర్లన్నీ నూరు శాతం దగ్గర ఉండి మెమరీలో ఇంకా చోటుంటే అప్పుడు ప్రాసెసర్ తక్కువ. ఒకే ఒక్క కోర్ నూరు శాతంలో ఉండి మిగతావి ఖాళీగా ఉన్నాయా? మీ ప్రోగ్రామ్ ఒక్క కోర్ మీదే నడుస్తోందన్నమాట. దాన్ని క్లస్టర్‌లో వేస్తే ఇంకా నెమ్మదించినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే సర్వర్ ప్రాసెసర్లలో కోర్లు ఎక్కువగా ఉంటాయి గానీ ఒక్కో కోర్ క్లాక్ వేగం చాలాసార్లు లాప్‌టాప్ కంటే తక్కువే.

లినక్స్‌లో జాబ్ ఏ ఎర్రర్ మెసేజూ లేకుండా చటుక్కున చచ్చిపోయి ఎగ్జిట్ కోడ్ 137 చూపిస్తే దాదాపుగా మెమరీ సమస్యే అనుకోండి. 128కి 9 కలిపితే 137. ఆ 9 అనేది ఆపరేటింగ్ సిస్టమ్ పంపే 'కిల్' సిగ్నల్ నంబర్. మెమరీ అయిపోయినప్పుడు సిస్టమే మీ ప్రోగ్రామ్‌ని తీసి పక్కన పెట్టింది. "సాఫ్ట్‌వేర్ క్రాష్ అవుతోంది" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం ఇదే.

మీ విషయంలో నా అనుమానం మెమరీ మీదే. మీరు వాడేది ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ (మోడల్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించేది), డైరెక్ట్ సాల్వర్ (సమీకరణాలన్నీ ఒకేసారి సూటిగా పరిష్కరించేది) అయితే ఈ లెక్క చూడండి. త్రీడీ మోడల్‌లో మెష్ సైజుని, అంటే ఒక్కో ముక్క పొడవుని, సగానికి తగ్గిస్తే ముక్కలు మూడు దిక్కుల్లోనూ రెట్టింపై తెలియని రాశులు 8 రెట్లు అవుతాయి. అంతవరకు అందరికీ తెలుసు. కానీ స్పార్స్ డైరెక్ట్ సాల్వర్‌కి కావాల్సిన మెమరీ 8 రెట్లతో ఆగదు, సుమారు 16 రెట్లకు పోతుంది. చేయాల్సిన లెక్కలు 64 రెట్ల దాకా పెరుగుతాయి. అంటే ఇవాళ 6 జీబీలో హాయిగా నడిచిన మోడల్, మెష్‌ని ఒక్కసారి సగం చేయగానే 100 జీబీ దగ్గర అడుగుతుంది. 16 నుంచి 32 జీబీ లాప్‌టాప్‌కి మారినా, ఆ మార్పు ఒక్క మెష్ రిఫైన్‌మెంట్‌కి కూడా సరిపోదు. నేను కొనొద్దన్నది అందుకే. ఇటరేటివ్ సాల్వర్ (అంచనాతో మొదలుపెట్టి మెల్లగా జవాబుకి దగ్గరయ్యేది) అయితే మెమరీ దాదాపు ఎలిమెంట్లతో పాటు సమానంగా పెరుగుతుంది కాబట్టి అక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు, కాకపోతే కాంటాక్ట్, ప్లాస్టిసిటీ లాంటివి ఉన్న మోడళ్లలో అది కన్వర్జ్ కాక (జవాబు ఒకచోట స్థిరపడక) మొరాయిస్తుంది.

ఇంకో మాట. ఎంత మెమరీ కావాలో ఊహించాల్సిన పని కూడా లేదు. అబాకస్ అనే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో డేటాచెక్ (సాల్వ్ చేయకుండా ఇన్‌పుట్‌ని సరిచూడటం) మాత్రమే నడిపి .dat ఫైల్ తెరిస్తే అందులో మెమరీ ఎస్టిమేట్ పట్టిక ఉంటుంది: కనీసం ఎంత కావాలి, డిస్క్ మీద రాయడం తగ్గాలంటే ఎంత కావాలి, రెండూ వేర్వేరు అంకెలుగా ఇస్తుంది. అలాంటిదే అయిన ఆన్సిస్ మెకానికల్ కూడా స్పార్స్ సాల్వర్‌కి ఇన్-కోర్ మెమరీ (లెక్కంతా ర్యామ్‌లోనే జరగడానికి కావాల్సింది) ఎంతో సాల్వర్ అవుట్‌పుట్‌లో రాస్తుంది. డిస్క్ మీద రాయడం తగ్గడానికి కావాల్సిన ఆ పెద్ద అంకె పట్టుకుని అడగడానికి వెళ్లండి. "నాకు 110 జీబీ ఉన్న మెషీన్ కావాలి, నాలుగు గంటల పని" అని ఎవరైనా వచ్చి చెబితే మాకు అరగంటలో పని అయిపోతుంది. "పెద్ద సిస్టమ్ కావాలి" అంటే మాత్రం ఉత్తరాలు నడుస్తూనే ఉంటాయి.

ఇప్పుడు డిపార్ట్‌మెంట్‌లో సాధారణంగా ఏముంటాయో చూద్దాం. కంప్యూటర్ ల్యాబుల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. అవి క్లాసుల కోసం, రాత్రి రీస్టార్ట్ అవుతాయి, వాటి మీద సుదీర్ఘమైన జాబ్ వదిలి ఇంటికి వెళ్లకండి. నేను గట్టిగా చెప్పాలనుకునేది వాటికీ క్లస్టర్‌కీ మధ్యలో ఉండేదాని గురించి. చాలా డిపార్ట్‌మెంట్లలో 128 నుంచి 512 జీబీ దాకా మెమరీ ఉన్న వర్క్‌స్టేషనో, కంప్యూట్ సర్వరో ఒకటి రెండైనా ఉంటాయి. ఏదో ప్రాజెక్టు కింద కొన్నవి. ప్రాజెక్టు ముగిశాక ఏ మూల గదిలోనో తిరుగుతుంటాయి. వాటికి వెబ్ పేజీ ఉండదు, ఫారం ఉండదు, అందుకే ఎవరికీ తెలియదు. క్యూ కూడా ఉండదు! మీ మోడల్‌కి 110 జీబీ కావాలంటే మీరు వెళ్లాల్సింది ముందు అక్కడికే. ల్యాబ్ టెక్నీషియన్‌ని, సీనియర్ రీసెర్చ్ స్కాలర్లని అడగండి, ఇలాంటి మెషీన్ల జాతకం వాళ్ల దగ్గర ఉంటుంది. ప్రొఫెసర్లకి కూడా తెలియనివి వాళ్లకి తెలుస్తాయి.

అదీ చాలదంటే, లేదా ఒకే మోడల్‌ని రకరకాల పారామీటర్లతో వందసార్లు నడపాలంటే, అప్పుడు క్లస్టర్.

క్లస్టర్‌లో లాగిన్ అవ్వగానే మీరు నిలబడేది లాగిన్ నోడ్ మీద (నోడ్ అంటే క్లస్టర్‌లో ఒక్కో మెషీన్). అది అందరిదీ. అక్కడ ఫైళ్లు ఎడిట్ చేసుకోవచ్చు, జాబ్ సబ్మిట్ చేయొచ్చు, అంతే. దాని మీదే సాల్వర్ నడిపేశారంటే యాభై మంది టైప్ చేసే అక్షరాలు నెమ్మదిస్తాయి, వెంటనే మీ పేరు బయటికి వస్తుంది. పరిచయం అలా కావడం మంచిది కాదు. అసలు పని స్లర్మ్, పీబీఎస్ లాంటి షెడ్యూలర్ (జాబులకు వంతులు వేసే ప్రోగ్రామ్) ద్వారా కంప్యూట్ నోడ్లకు పంపాలి. ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఎంత సమయం అని చిన్న స్క్రిప్టులో రాసి సబ్మిట్ చేస్తారు.

ఈ 'ఎంత సమయం' అన్న ఒక్క లైన్ దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు. క్యూలో గరిష్ఠంగా 72 గంటలు ఇస్తారనుకోండి, దాదాపు అందరూ 72 అనే రాసి పారేస్తారు, ఎందుకొచ్చిన రిస్క్ అని. షెడ్యూలర్ ఏం చేస్తుందంటే, ముందు వరసలో ఉన్న పెద్ద జాబ్ కోసం నోడ్లు ఒక్కొక్కటీ ఖాళీ చేయిస్తూ ఉంటుంది. ఆ లోపు ఖాళీగా ఉన్న నోడ్ల మీద, ఆ పెద్ద జాబ్ మొదలయ్యేలోపు పూర్తయిపోయే చిన్న జాబులుంటే వాటిని ముందుకు తెచ్చి నడిపిస్తుంది. దీన్ని బ్యాక్‌ఫిల్ అంటారు. పెద్ద రాళ్ల సందుల్లో చిన్న రాళ్లు ఇరికించి గోడ లేపినట్టు ఉంటుంది వ్యవహారం. మీ జాబ్ నిజానికి 5 గంటలదే అయినా మీరు 72 అని రాస్తే షెడ్యూలర్‌కి అది పెద్ద రాయే, ఏ సందులోనూ పట్టదు. ఒకే రీసెర్చ్ గ్రూప్‌లో ఇద్దరు, ఒకే రకం జాబులు, ఒకరివి గంటలో మొదలవుతుంటే ఇంకొకరివి రెండో రోజుకి గానీ కదలకపోవడం నేను చూశాను. తేడా ఆ ఒక్క లైన్‌లోనే ఉంది. మొదటిసారి నడిపినప్పుడు ఎంత పట్టిందో చూసుకుని, దానికి ముప్ఫై శాతం కలిపి రాయండి. స్లర్మ్ ఉన్నచోట జాబ్ పూర్తయ్యాక 'సెఫ్' (seff) అనే కమాండ్‌తో, మీరు అడిగిన మెమరీలో, కోర్లలో నిజంగా ఎంత వాడారో శాతాల్లో తెలుస్తుంది. కొన్ని క్లస్టర్లలో సెఫ్ పెట్టి ఉండరు, అప్పుడు 'సాక్ట్' (sacct) కమాండ్‌లో గరిష్ఠ మెమరీ చూడొచ్చు.

కోర్ల సంగతి కూడా అంతే. ఎక్కువ అడిగితే ఎక్కువ వేగం అనుకోవడం సహజం. 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన సూత్రం ఇక్కడ చాలా నిక్కచ్చిగా పనిచేస్తుంది. మీ ప్రోగ్రామ్‌లో కేవలం 5 శాతం పని సమాంతరంగా చేయలేనిదనుకోండి. 16 కోర్లు ఇస్తే వేగం 9 రెట్లు పెరుగుతుంది. 64 కోర్లు ఇస్తే 15 రెట్లు. కోర్లు ఎన్ని వేలు ఇచ్చినా 20 రెట్లు దాటదు. అంటే 16 నుంచి 64కి వెళ్లి నాలుగింతలు అడిగారు, లాభం రెండింతలు కూడా రాలేదు, పైగా 64 కోర్లు ఖాళీ అయ్యేదాకా క్యూలో కూర్చున్నారు. 4, 8, 16, 32 కోర్లతో చిన్న కేసు ఒకటి నడిపి సమయాలు కాగితం మీద రాసుకుంటే మీ కోడ్ ఎక్కడ అలిసిపోతుందో తెలిసిపోతుంది. ఇది ఒక మధ్యాహ్నం పని. తర్వాత థీసిస్‌లో కూడా పనికొస్తుంది.

చిన్న విషయాలు కొన్ని. సాఫ్ట్‌వేర్లు మాడ్యూల్స్ రూపంలో ఉంటాయి, కావాల్సిన వెర్షన్ లోడ్ చేసుకోవాలి. స్క్రిప్ట్‌లో వెర్షన్ నంబర్ రాయండి, లేకపోతే ఆరు నెలల తర్వాత డిఫాల్ట్ మారి మీ ఫలితాలు ఎందుకు మారాయో అంతుపట్టదు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసిన స్క్రిప్టుని అలాగే కాపీ చేస్తే లైన్ చివర కనిపించని అక్షరం ఒకటి చేరుతుంది, స్లర్మ్ దాన్ని డాస్ లైన్ బ్రేక్స్ ఉన్నాయని తిప్పికొడుతుంది. 'డాస్‌టుయునిక్స్' (dos2unix) అనే కమాండ్ ఒకసారి కొడితే సరి. డాకర్ (ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవాటన్నిటితో కలిపి ఒక ఇమేజ్‌గా ప్యాక్ చేసే టూల్) కావాలని అడగకండి, దానికి రూట్ అధికారాలతో, అంటే అడ్మిన్ అధికారాలతో, చిక్కు ఉంటుంది కాబట్టి ఉమ్మడి క్లస్టర్లలో సాధారణంగా ఇవ్వరు. దాని బదులు వాడే టూల్‌ని ఇంతకు ముందు సింగ్యులారిటీ అనేవారు, 2021 నుంచి ఆప్టైనర్ అంటున్నారు, అది ఉందేమో అడగండి. డాకర్ ఇమేజ్‌లని అది నేరుగా తీసుకుంటుంది.

జీపీయూ గురించి కూడా చాలామందికి భ్రమ ఉంది, కాబట్టి ఒక ముక్క. గేమింగ్ కార్డు ఉన్న లాప్‌టాప్ కొంటే సిమ్యులేషన్ పరిగెడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంజినీరింగ్ సాల్వర్లకు ఎక్కువగా కావాల్సింది డబుల్ ప్రెసిషన్, అంటే ఒక్కో సంఖ్యని 64 బిట్లలో ఉంచి చేసే లెక్క (సింగిల్ అంటే 32, హాఫ్ అంటే 16). ఎన్విడియా వాళ్ల ఇటీవలి జీఫోర్స్ గేమింగ్ కార్డుల్లో డబుల్ ప్రెసిషన్ వేగం సింగిల్ ప్రెసిషన్‌లో 64వ వంతు. వాళ్లే డేటా సెంటర్ల కోసం చేసిన ఏ100 కార్డులో అది సగం. అదే డీప్ లెర్నింగ్ పని అయితే సింగిల్, హాఫ్ ప్రెసిషన్‌తో గడిచిపోతుంది కాబట్టి గేమింగ్ కార్డు కూడా పనికొస్తుంది, అక్కడ మళ్లీ కార్డు మెమరీ అడ్డం వస్తుంది. మీ పని స్ట్రక్చరల్ అనుకుంటున్నాను, కాబట్టి ప్రస్తుతానికి జీపీయూని మరిచిపోండి.

ఇక లైసెన్సులు. కొత్తవాళ్లు అస్సలు పట్టించుకోనిది, చివరికి అందరినీ ఆపేసేది ఇదే. మెషీన్ ఖాళీగా ఉంటుంది, మెమరీ ఉంటుంది, జాబ్ మొదలవుతుంది, మొదలైన పది సెకన్లకే లైసెన్స్ లేదని ఆగుతుంది. డిపార్ట్‌మెంట్ కొనేది ఫ్లోటింగ్ లైసెన్సులు. లైసెన్స్ సర్వర్ దగ్గర ఇన్ని అని ఉంటాయి, నడిపేవాళ్లు తీసుకుంటారు, అయిపోగానే తిరిగిస్తారు. అబాకస్‌లో వీటిని టోకెన్లంటారు, లెక్క కాస్త విచిత్రంగా ఉంటుంది. ఒక కోర్ మీద జాబ్ నడిపితే 5 టోకెన్లు, 4 కోర్లకి 8, 8 కోర్లకి 12, 16 కోర్లకి 16, 32 కోర్లకి 21. జాగ్రత్తగా చూడండి: ఒక్కో కోర్ మీద ఒక్కో జాబ్ చొప్పున నాలుగు జాబులు ఒకేసారి వదిలితే 20 టోకెన్లు పోతాయి. అవే నాలుగూ నాలుగు కోర్లతో ఒకదాని తర్వాత ఒకటి నడిపితే ఎప్పుడు చూసినా వాడకంలో ఉండేవి 8 మాత్రమే. డిపార్ట్‌మెంట్ మొత్తానికి 50 టోకెన్లు ఉంటే మొదటి పద్ధతి వల్ల పక్కవాళ్ల జాబులు ఆగిపోతాయి, వాళ్లు ఎవరు వాడుతున్నారో లైసెన్స్ సర్వర్‌ని అడిగి చూస్తారు, అందులో మీ యూజర్‌నేమ్ కనిపిస్తుంది. తర్వాత ఫోన్ వస్తుంది. ఆ ఫోన్లు మధ్యలో ఉండే మాకు కూడా వస్తాయి.

మోడల్ గీసే విండో తెరిచి ఉంచి ఇంటికి వెళ్లిపోవడం ఇంకో అలవాటు. తెరిచి ఉన్నంతసేపూ అది ఒక లైసెన్స్ పట్టుకునే ఉంటుంది. మాట్‌లాబ్‌లో టూల్‌బాక్సులూ అంతే, ఒక ఫంక్షన్ ఒక్కసారి పిలిస్తే చాలు, ఆ టూల్‌బాక్స్ లైసెన్స్ మీరు మాట్‌లాబ్ మూసేదాకా మీ పేరు మీదే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ఇలా మూయకుండా వెళ్లినవాళ్ల వల్ల శని, ఆదివారాలు ఎవరి పనీ జరగక సోమవారం గొడవలవుతుంటాయి.

లైసెన్స్ సర్వర్ మామూలుగా యూనివర్సిటీ నెట్‌వర్క్ లోపలే కనిపిస్తుంది. ఇంటి నుంచి పనిచేయకపోతే ముందు వీపీఎన్ కలిసిందో లేదో చూసుకోండి. అకడమిక్ లైసెన్సుతో బయటి కంపెనీ పని చేయకూడదు, ఇది మర్యాద విషయం కాదు, ఒప్పందంలో రాసి ఉంటుంది. నేర్చుకోవడానికి మాత్రం కంపెనీలు ఉచితంగా ఇచ్చే స్టూడెంట్ వెర్షన్లు వాడుకోండి. అబాకస్ లెర్నింగ్ ఎడిషన్‌లో 1000 నోడ్ల పరిమితి ఉంటుంది, కీబోర్డు షార్ట్‌కట్లు, ఇన్‌పుట్ ఫైల్ వ్యాకరణం అలవాటు కావడానికి అది చాలు. లైసెన్స్ కొరత మరీ ఎక్కువగా ఉన్నచోట కాల్క్యులిక్స్ అనే ఉచిత సాల్వర్‌ని పరిశీలించండి, దాని ఇన్‌పుట్ ఫైల్ అబాకస్‌దాన్ని చాలావరకు పోలి ఉంటుంది, ఫ్లూయిడ్స్‌లో అలాంటిదే ఓపెన్‌ఫోమ్ ఎలాగూ ఉంది. పారామెట్రిక్ రన్లు రెండొందలు వేయాల్సినప్పుడు లైసెన్స్ గోల లేని సాల్వర్ ఎంత సుఖమో అప్పుడు తెలుస్తుంది.

డిస్క్ విషయంలో మూడు చోట్ల తేడా తెలుసుకుంటే చాలు. హోమ్ డైరెక్టరీ చిన్నగా ఉంటుంది, సాధారణంగా బ్యాకప్ ఉంటుంది. మీ కోడ్, ఇన్‌పుట్ ఫైళ్లు, థీసిస్ అక్కడ. ప్రాజెక్ట్ స్పేస్ మీ గ్రూప్ అందరిదీ. స్క్రాచ్ పెద్దది, వేగమైనది, అక్కడ బ్యాకప్ ఉండదు, కొన్ని వారాలు ముట్టుకోని ఫైళ్లని సిస్టమే తుడిచేస్తుంది. ఆ నియమం ఎన్ని రోజులకో మీ క్లస్టర్ గైడ్‌లో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు, గడువు దాటాక మా దగ్గరికి వస్తారు. తిరిగి తేవడం మా చేతుల్లో ఉండదు.

బ్యాకప్ ఉందని చెప్పినచోట కూడా మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి. 2021 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ సూపర్‌కంప్యూటర్‌లో దాదాపు 77 టెరాబైట్ల డేటా, సుమారు 3.4 కోట్ల ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. కారణం బ్యాకప్ వ్యవస్థే. పాత లాగ్ ఫైళ్లను తీసేయాల్సిన స్క్రిప్ట్ ఒకవైపు నడుస్తుండగానే దాని స్థానంలో మార్చిన వెర్షన్ పెట్టారు, దాంతో అది లాగ్‌లు వదిలేసి పరిశోధకుల ఫైళ్లను తుడవడం మొదలుపెట్టింది. 14 గ్రూపుల డేటా పోయింది, అందులో 4 గ్రూపులది తిరిగి రాలేదు. అంత పెద్దచోట, అంత అనుభవం ఉన్నవాళ్ల చేతుల్లోనే అలా జరిగినప్పుడు, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే ఇన్‌పుట్ ఫైళ్లు, స్క్రిప్టులు గిట్‌లో (ఫైళ్ల పాత వెర్షన్లన్నీ దాచే టూల్) పెట్టి బయట ఒక కాపీ ఉంచుకోవడం నయం. వందల జీబీల ఫలితాల ఫైళ్లు దాచక్కర్లేదు. ఇన్‌పుట్ ఉంటే ఫలితం మళ్లీ వస్తుంది.

చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో చేయకండి. ప్రతి టైమ్ స్టెప్‌కీ ఒక టెక్స్ట్ ఫైల్ రాసే కోడ్ లాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది. క్లస్టర్ ఫైల్ సిస్టమ్ పెద్ద ఫైళ్లు గబగబా చదివేలా కట్టింది, ఒక్కో ఫైల్ తెరిచినప్పుడల్లా మెటాడేటా సర్వర్‌ని (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పేది) అడగాలి, అది అందరికీ ఉమ్మడి. కోటాలో జీబీలు మిగిలి ఉన్నా 'డిస్క్ నిండింది' అని వస్తే ఫైళ్ల సంఖ్య మీద ఉన్న పరిమితి దాటారన్నమాట. హెచ్‌డీఎఫ్5 లాంటి ఫార్మాట్‌లో ఒకే ఫైల్‌గా రాసుకోండి.

ఫలితాలు చూడటానికి 200 జీబీ లాప్‌టాప్‌కి డౌన్‌లోడ్ చేసుకోవాలని చూస్తారు చాలామంది. అవసరం లేదు. ఫలితాలని బొమ్మలుగా చూపించే పారావ్యూ అనే సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ భాగాన్ని క్లస్టర్ మీద నడిపి, బొమ్మ మాత్రం మీ లాప్‌టాప్‌లో చూసుకోవచ్చు. మీ యూనివర్సిటీలో ఓపెన్ ఆన్‌డిమాండ్ పెట్టి ఉంటే ఇంకా సులువు, బ్రౌజర్‌లోనే క్లస్టర్ డెస్క్‌టాప్ వస్తుంది, ఫైళ్లు అక్కడే చూడొచ్చు, జాబులు అక్కడే వదలొచ్చు. కమాండ్ లైన్ అంటే టెన్షన్ పడేవాళ్లకి నేను మొదట చూపించేది అదే.

ఇప్పుడు సపోర్ట్. మీ ప్రశ్నలో "అడిగితే ఫారం నింపమంటున్నారు" అన్న విసుగు కనిపించింది. ఫారం వెనక ఉన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, డిపార్ట్‌మెంట్ మొత్తానికి. ప్రొజెక్టర్ పనిచేయకపోయినా వాళ్లే, సర్వర్ పడిపోయినా వాళ్లే. మీకు సాయం చేయకూడదని ఎవరికీ ఉండదు, కానీ మీ ఉత్తరం చదివి ఏం చేయాలో అర్థమైతేనే చేస్తారు. వారంలో మాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలా ఉంటాయి:

"సార్, అబాకస్ పనిచేయడం లేదు. చాలా అర్జెంటు. దయచేసి చూడగలరు."

దీనికి జవాబు రాయడానికి మేం ఐదు ప్రశ్నలు అడగాలి, మీరు రేపు జవాబిస్తారు, ఎల్లుండికి మళ్లీ ఇంకో ప్రశ్న. అదే ఉత్తరం ఇలా వచ్చిందనుకోండి:

"నిన్న సాయంత్రం 6 గంటల ప్రాంతంలో వదిలిన జాబ్ పన్నెండు నిమిషాలు నడిచి ఆగిపోయింది. జాబ్ నంబర్, అది నడిచిన నోడ్ పేరు కింద ఉన్నాయి. 8 కోర్లు, 60 జీబీ అడిగాను. ఎర్రర్ మెసేజ్ చివరి ఇరవై లైన్లు అతికించాను. ఇదే ఇన్‌పుట్ పోయిన వారం పాత వెర్షన్ మాడ్యూల్‌తో పూర్తయింది. చిన్న మెష్‌తో ఇప్పుడు కూడా పనిచేస్తోంది. స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ దారి ఇదీ."

దీన్ని చూడగానే ఏ లాగ్ తెరవాలో తెలుస్తుంది. 'పోయిన వారం పనిచేసింది, ఈ వారం చేయడం లేదు' అన్న వాక్యం ఒక్కటే సగం దర్యాప్తు. స్క్రీన్ ఫొటో ఫోన్‌లో తీసి పంపకండి, అందులోంచి ఎర్రర్‌ని కాపీ చేసి వెతకలేం. అర్జెంట్ అన్న మాట కూడా రాయకండి, గడువు తేదీ రాయండి. నిజానికి ఇలాంటి ఉత్తరం రాయడానికి కూర్చున్నవాళ్లలో చాలామంది అది పంపకుండానే ఆగిపోతారు, రాస్తుండగానే కారణం వాళ్లకే దొరుకుతుంది.

ఎవరికి రాయాలన్నది పని బట్టి ఉంటుంది. అకౌంట్, పాస్‌వర్డ్, వీపీఎన్ అయితే యూనివర్సిటీ సెంట్రల్ ఐటీ. ల్యాబ్ మెషీన్, ప్రింటర్, లైసెన్స్ సర్వర్ అయితే డిపార్ట్‌మెంట్ సిస్టమ్ అడ్మిన్. క్లస్టర్ జాబులకు హెచ్‌పీసీ (హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్) టీమ్, దానికి వేరే ఈమెయిల్ ఉంటుంది. మీ కోడే నెమ్మదిగా ఉంటే, దాన్ని సమాంతరంగా మార్చాలంటే, రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ఉన్నారేమో అడగండి. 2012 ప్రాంతంలో బ్రిటన్‌లో ఆ పేరుతో మొదలైన ఉద్యోగం ఇది, ఇప్పుడు చాలా యూనివర్సిటీల్లో ఉంది, కానీ వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగేవాళ్లు తక్కువ. మోడల్ కన్వర్జ్ కాకపోవడం మాత్రం వీళ్లెవరి పనీ కాదు. అది మీకూ మీ గైడ్‌కీ సంబంధించింది. బౌండరీ కండిషన్ తప్పు పెట్టి సర్వర్ బాగాలేదని రాసేవాళ్లు ప్రతి సెమిస్టర్‌లోనూ ఉంటారు.

సీనియర్ తన పాస్‌వర్డ్ ఇస్తే తీసుకోకండి. ఫారం ఆమోదం రావడానికి వారం పడుతుందని అలా చేస్తుంటారు. ఇద్దరు వాడే అకౌంట్‌ని గుర్తించి ఆపేశారంటే ఇద్దరి పనీ ఆగుతుంది. ఫారంలో గైడ్ సంతకం కావాలి కాబట్టి ఈ వారమే ఆయన దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్లండి, కొలతలు తీసుకునే లోపు అది నడుస్తూ ఉంటుంది. అకౌంట్ గడువు ఎప్పటిదాకా అన్నది కూడా అందులో చూసుకోండి. చాలాచోట్ల కోర్సు ముగిసిన కొద్ది వారాలకే అకౌంటూ, దాంతో పాటు డేటా కూడా పోతాయి.

లాప్‌టాప్ సంగతి. ఇవన్నీ కుదిరాక మీ లాప్‌టాప్ చేయాల్సిన పని టెర్మినల్ తెరవడం, చిన్న మోడళ్లు గీయడం, థీసిస్ రాయడం. దానికి 16 జీబీ ధారాళంగా సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీ లేకపోతే అది వేయించుకోండి, ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకో 16 వేసుకోండి, అంతకు మించి వద్దు.

డేటాచెక్ నడిపి ఆ మెమరీ అంకెలు రెండూ, ఎలిమెంట్లు ఎన్నో, ఏ సాల్వరో చెప్పండి. వర్క్‌స్టేషన్‌తో పోతుందా, క్లస్టర్ కావాలా అన్నది వాటిని చూసి చెప్పగలను.